న్యూక్లియర్ మెడిసిన్ పరిశోధకుల పేపర్ల జాబితా తయారు చేయడం ఎలా?

ప్రమోషన్ ఫైలుకో, గ్రాంటు దరఖాస్తుకో న్యూక్లియర్ మెడిసిన్ (రేడియోధార్మిక మందులతో స్కాన్లు, చికిత్స చేసే విభాగం) డాక్టరు పేపర్ల జాబితా కావాలంటే చాలామంది గూగుల్ స్కాలర్‌లో పేరు కొట్టి, వచ్చిన అంకె రాసేస్తారు. ఆ అంకెలో అసలు పరిశోధనలు, ఒక్క స్కాన్ బొమ్మతో ముగిసే కేసులు, సమావేశాల అబ్‌స్ట్రాక్టులు అన్నీ కలిసిపోయి ఉంటాయి. వాటిని ఏరడమే ఇక్కడ పని.

1. పేరు రూపాలన్నీ రాసుకోండి

మనం ఇంటిపేరు ముందు రాస్తాం. జర్నళ్లేమో చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటాయి. కె. శ్రీనివాస రావు అనే పేరు ఒక పేపర్లో ‘రావు కెఎస్’, ఇంకోదాంట్లో ‘శ్రీనివాసరావు కె’, మరోచోట ‘శ్రీనివాస కెఆర్’ అయి కూర్చుంటుంది. పెళ్లయ్యాక పేరు మారినవాళ్లకు ఇంకో రెండు రూపాలు కలుస్తాయి. 2002కు ముందు పేపర్లకైతే పబ్‌మెడ్‌లో (వైద్య పేపర్ల ఉచిత ఆన్‌లైన్ సూచీ) సాధారణంగా ఇంటిపేరూ పొడి అక్షరాలే ఉంటాయి కాబట్టి పూర్తి పేరుతో వెతికితే దొరకవు.

2. పబ్‌మెడ్‌లో వెతకండి

ప్రతి రూపం పక్కన చదరపు బ్రాకెట్లలో ‘ఏయూ’ (రచయిత) ట్యాగ్ పెట్టి, మధ్యలో ‘ఓఆర్’ అని ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో కలపండి. అదే పేరున్న వేరేవాళ్లు వస్తారు. వాళ్లను తీసేయడానికి ‘ఏడీ’ (రచయిత పనిచేసే సంస్థ చిరునామా) ట్యాగ్‌తో ఆసుపత్రి పేరు జోడించాలనిపిస్తుంది. జాగ్రత్త. 2014కు ముందు పబ్‌మెడ్ మొదటి రచయిత చిరునామా ఒక్కటే నమోదు చేసేది. మీ డాక్టరు మూడో రచయితగా ఉన్న 2010 నాటి పేపరుకు వేరే ఊరివాళ్లు మొదటి రచయితలైతే, ఈ వడపోతలో అది మాయమవుతుంది. జాబితాలో పాత ఏళ్లు బోసిగా కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి.

జర్నల్ పేరుతో వడకట్టడమూ తప్పే. గుండె పెర్ఫ్యూజన్ స్కాన్ పేపర్లు కార్డియాలజీలో, అయోడిన్-131 పేపర్లు ఎండోక్రైనాలజీలో, పెట్ స్కాన్ పేపర్లు ఆంకాలజీలో వస్తుంటాయి. ‘న్యూక్లియర్’ అనే మాటతో వెతికితే ఎన్ఎమ్ఆర్ (అయస్కాంత అనునాదం), కణకేంద్రకం పేపర్లు కూడా వచ్చి పడతాయి. స్కాన్‌లో వాడే మందు పేరుతో వెతకడం మేలు, కానీ ఒక్కో మందుకు నాలుగైదు రాతలుంటాయి: ‘ఎఫ్-18 ఎఫ్‌డీజీ’, ‘18ఎఫ్-ఎఫ్‌డీజీ’, ‘ఫ్లోరోడీఆక్సీగ్లూకోజ్’. అన్నీ కలిపి వెతకాలి.

3. ఆర్కిడ్‌తో సరిచూడండి

ఆర్కిడ్ అంటే పరిశోధకులకు ఇచ్చే 16 స్థానాల గుర్తింపు సంఖ్య; దాని చివర ఒక్కోసారి ఎక్స్ ఉంటుంది. ఆ సంఖ్య కింద ఉండే పేపర్ల జాబితాను చాలావరకు పరిశోధకులే నింపుకోవాలి గనుక, అది ఖాళీగా ఉంటే పేపర్లు లేవని కాదు. స్కోపస్‌లో (పేపర్లనూ వాటి సైటేషన్లనూ నమోదు చేసే డేటాబేస్) ఒకే మనిషికి రెండు మూడు ప్రొఫైళ్లు కనిపిస్తే కలపమని అభ్యర్థన పెట్టించండి.

4. రకాలు విడదీయండి

అసలు పరిశోధన, సమీక్ష, కేస్ రిపోర్ట్ లేదా బొమ్మ, మార్గదర్శకం, ఉత్తరం, అబ్‌స్ట్రాక్ట్ అని వేర్వేరు కాలమ్‌లు పెట్టండి. ఈ రంగంలో బొమ్మల పేపర్లు ఎక్కువ. ‘క్లినికల్ న్యూక్లియర్ మెడిసిన్’లో అరుదైన స్కాన్‌లకు ప్రత్యేక శీర్షికే ఉంది. అవీ పబ్‌మెడ్‌లో ఉంటాయి, కాబట్టి పబ్‌మెడ్ లెక్కనూ యథాతథంగా నమ్మకండి.

అమెరికా న్యూక్లియర్ మెడిసిన్ సొసైటీ వార్షిక సమావేశం అబ్‌స్ట్రాక్టులు ‘జర్నల్ ఆఫ్ న్యూక్లియర్ మెడిసిన్’ సప్లిమెంటులో వస్తాయి. సంపుటి నంబరు పక్కన ‘సప్లిమెంట్ 1’ అని ఉండి, పూర్తి పాఠం లేకపోతే అది అబ్‌స్ట్రాక్టే. ఒకే అధ్యయనం అబ్‌స్ట్రాక్ట్, ప్రీప్రింట్ (జర్నల్ సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతి), పూర్తి పేపరుగా స్కాలర్‌లో మూడుసార్లు పడొచ్చు. పూర్తి పేపరుకు ఒక వరస ఇచ్చి, మిగతా రెండూ పక్కన నోట్‌గా రాయండి.

‘యూరోపియన్ జర్నల్ ఆఫ్ న్యూక్లియర్ మెడిసిన్’ 2002లో పేరు చివర ‘అండ్ మాలిక్యులర్ ఇమేజింగ్’ చేర్చుకుంది. రెండూ ఒకే జర్నల్.

5. రచయిత స్థానం చూడండి

మొదటి, చివరి, కరస్పాండింగ్ రచయిత అని గుర్తు పెట్టండి. సమాన భాగస్వామ్యం ఉంటే సాధారణంగా పీడీఎఫ్ అడుగున చిన్న అక్షరాల్లో తెలుస్తుంది. బహుళ కేంద్రాల ట్రయల్స్‌లో సహకరించినవారి పేర్లు పబ్‌మెడ్‌లో వేరే జాబితాగా ఉంటాయి (ట్యాగ్ ‘ఐఆర్’). వాళ్లు రచయితలు కారు. ఈ పేపర్లను విడిగా చూపించండి.

6. సైటేషన్లు, ఉపసంహరణలు

హెచ్-ఇండెక్స్ (పేపర్ల సంఖ్యనూ, వాటిని ఇతరులు ఉటంకించిన సార్లనూ అంటే సైటేషన్లనూ కలిపి చూసే అంకె) రాస్తే ఎక్కడ చూశారో, ఏ తేదీన చూశారో రాయండి. థీసిస్‌లు, అబ్‌స్ట్రాక్టుల సైటేషన్లనూ లెక్కిస్తుంది కాబట్టి స్కాలర్ అంకె దాదాపు ఎప్పుడూ స్కోపస్ కన్నా ఎక్కువే. యూరోపియన్ న్యూక్లియర్ మెడిసిన్ అసోసియేషన్ 2015లో తెచ్చిన ఎఫ్‌డీజీ పెట్-సీటీ మార్గదర్శకం లాంటిదాంట్లో పేరుంటే సైటేషన్లు అమాంతం పెరుగుతాయి. అలాంటప్పుడు దాన్ని తీసేసిన అంకె కూడా ఇవ్వడం న్యాయం.

చివరగా ప్రతి పేపరు డీఓఐ (దాని శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు లింకు) తెరిచి, పేపరు ఉపసంహరించారేమో చూడండి. ఉపసంహరించిన పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ను 2023లో, డీఓఐలు నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్ తీసుకుని అందరికీ ఉచితం చేసింది. ఆన్‌లైన్‌లో ఒక ఏడు, సంచికలో ఇంకో ఏడు ఉన్న పేపర్లకు జాబితా అంతటా ఒకే పద్ధతి పాటించండి. మీరు వాడిన సెర్చ్ వాక్యాన్నీ తేదీనీ షీటు అడుగున అతికించండి, వచ్చే ఏడు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.