గబ్బిలాల పేర్లు, పాఠం 4: బ్రాకెట్ల గొడవ

పోయిన పాఠానికి మీరు రాసిన జవాబులు చూసి తల పట్టుకున్నాను. మన పెద్ద గబ్బిలం శాస్త్రీయ నామం టెరోపస్ జైగాంటియస్ ఇప్పుడు టెరోపస్ మీడియస్ అయిందని ఒక్క ముక్కలో తేల్చేశాను, తప్పు నాదే. "అయితే జైగాంటియస్ అంతరించిపోయిందా మాస్టారూ?" అన్నాడు బ్రాడీపేట తమ్ముడొకడు. లేదు నాయనా. జాడీ మీద చీటీ మారిస్తే ఆవకాయ గోంగూర అవుతుందా? బందరు కాలువ గట్టున నిద్రగన్నేరుకి నిన్న వేలాడినవే ఇవాళా వేలాడుతున్నాయి.

1782లో జంతుశాస్త్రజ్ఞుడు బ్రూనిక్ పెట్టిన జైగాంటియస్ అన్న పేరు, 1758లోనే లినేయస్ వాంపైరస్ అని పేరు పెట్టిన వేరే గబ్బిలానికే చెందుతుందని 2012లో పరిశోధకుడు మ్లికోవ్‌స్కీ వాదించారు. ముందు పెట్టిన పేరుదే హక్కు. దాంతో మనదానికి పేరు లేకుండా పోయి, టెమ్మింక్ 1825లో పెట్టిన మీడియస్‌ని బయటికి తీశారు.

ఇక అసలు చిరాకు. జీవి పేరు పక్కన, ఆ పేరు పెట్టినాయననీ ఏడాదినీ రాయమంటే సగం మంది "టెరోపస్ మీడియస్ (టెమ్మింక్, 1825)" అని రాశారు. ఆ బ్రాకెట్లు ఎవరు పెట్టమన్నారు? అవి సోకు కోసం కాదు. పేరు పెట్టినాయన ఏ ప్రజాతిలో (అంటే పేరులో మొదటి మాట) పెట్టాడో జీవి ఇవాళా అందులోనే ఉంటే బ్రాకెట్లుండవు, ప్రజాతి మారితేనే ఉంటాయి. టెమ్మింక్ మీడియస్‌ని టెరోపస్‌లోనే పెట్టాడు, అది అక్కడే ఉంది. బ్రూనిక్ మాత్రం వెస్పర్టిలియో జైగాంటియా అన్నాడు. టెరోపస్‌లోకి వచ్చాక బ్రాకెట్లు వచ్చాయి, ప్రజాతి పేరు లింగాన్ని బట్టి 'యా' కాస్తా 'యస్' అయింది. పండ్ల గబ్బిలం సినోప్టెరస్ స్ఫింక్స్ (వాల్, 1797) కూడా వెస్పర్టిలియో నుంచి వచ్చిందే, కానీ స్ఫింక్స్ జైగాంటియస్‌లా విశేషణం కాదు, నామవాచకం, కనుక పేరు తోక కదల్లేదు.

నాకిష్టమైనది లైరా. కప్పల్నీ ఎలుకల్నీ తినే ఈ గబ్బిలం మొన్నటిదాకా మెగాడెర్మా లైరా జెఫ్రువా, 1810. ఇప్పుడు లైరోడెర్మా లైరా (జెఫ్రువా, 1810). పేరు పెట్టిన మనిషీ అతనే, ఏడాదీ అదే, బ్రాకెట్లే కొత్త చుట్టాలు. అందుకే నేను ఏ పేరు చూసినా ముందు బ్రాకెట్లే చూస్తాను, ఏడాది అంకె ఆ తర్వాతే.

గబ్బిలాల్లో పెద్దవీ చిన్నవీ అన్న పాత విభజన పోయి రెండు కొత్త గుంపులు, యిన్‌టెరోకైరోప్టెరా, యాంగోకైరోప్టెరా వచ్చాయని మీకు తెలిసిందే. అప్పట్లో చిన్నవాటిలో ఉన్న లైరా, ఇప్పుడు పండ్ల గబ్బిలాలున్న మొదటి గుంపు వైపే చేరింది.

అభ్యాసం: డెమారే 1820లో టెరోపస్ లెషెనాల్టీ అన్నది ఇప్పుడు రౌసెట్టస్‌లో ఉంది. హార్స్‌ఫీల్డ్ 1831లో నిక్టిసీజస్ హీథీ అన్నది స్కోటోఫిలస్‌లో ఉంది. రెండూ పూర్తిగా రాయండి. తర్వాత 2012కి ముందు అచ్చయిన క్షీరదాల పుస్తకం ఒకటి లైబ్రరీలో పట్టుకుని, అందులోని ప్రతి గబ్బిలానికీ ఇప్పటి పేరు పక్కన పెన్సిల్‌తో... పుస్తకంలో కాదు, మీ నోట్సులో. వచ్చే ఆదివారంలోపు.