కాకటీల్ ఎందుకలా చేస్తోంది? లక్షణం, కారణం, పరిష్కారం

కాకటీల్ (తల మీద ఈకల కుచ్చు ఉండే చిన్న చిలుక జాతి పక్షి) కొన్నవాళ్లకు షాపులో చెప్పే మాట ఒకటే: కుచ్చు లేస్తే సంతోషం, పడుకుంటే కోపం. అందులో నిజం సగమే. భయపడినా కుచ్చు నిలువుగా లేస్తుంది, కొత్త వస్తువును ఆసక్తిగా చూస్తున్నా లేస్తుంది. కునుకు తీస్తున్నప్పుడు కుచ్చు వెనక్కి వాలుతుంది, కరవబోయే ముందూ వాలుతుంది. కాబట్టి కుచ్చుతో పాటు ఇంకో గుర్తు కూడా చూడాలి. ఈకలు బిగించి ఉందా వదులుగా ఉందా, తోక ఎలా కదులుతోంది, పంజరంలో ఎక్కడ కూర్చుంది? ఈ రెండో గుర్తే అసలు సంగతి చెబుతుంది. కింద రాసినవన్నీ ఆ లెక్కలోనే చదవండి.

చెయ్యి పెడితే బుసకొట్టి కరుస్తోంది

కరవడం చివరి మెట్టు. అంతకుముందు రెండు మెట్లుంటాయి, మనమే చూడం. చెయ్యి పంజరం దగ్గరికి రాగానే కుచ్చు నిటారుగా లేస్తుంది, ఒళ్లంతా బిగించి సన్నగా అయిపోతుంది, కొంచెం వెనక్కి వాలుతుంది. అది భయం. అయినా చెయ్యి ముందుకొస్తే కుచ్చు తలకు అంటుకుపోతుంది, తల కిందికి దించి, నోరు తెరిచి బుసకొడుతూ అటూ ఇటూ ఊగుతుంది. ఆ రెండూ పట్టించుకోకపోతేనే కరుస్తుంది.

కారణం చాలాసార్లు మన చెయ్యి వచ్చే దిక్కే. పైనుంచి దిగే చెయ్యి దానికి గద్దతో సమానం. ఆస్ట్రేలియా బయళ్లలో గుంపులుగా తిరిగే జాతి ఇది, పైనుంచి వచ్చేదాన్ని నమ్మదు. ఎప్పుడూ కరవనిది ఉన్నట్టుండి మొదలుపెడితే మాత్రం ఆలోచించాలి: కొత్త ఈకలు మొలుస్తున్నాయా (ఆ ముళ్లలాంటి ఈకలను తాకితే నొప్పి), గూడు పెట్టుకునే కాలమా, ఇంట్లో ఏం మారింది? కొండకెళ్లి గుండు చేయించుకొని వచ్చిన యజమానిని చూసి బెదిరే పక్షులున్నాయి. టోపీ పెట్టుకున్నా అంతే. గొంతు వినిపిస్తూ దూరంగా కూర్చుంటే మెల్లగా సర్దుకుంటుంది.

పరిష్కారం: కొర్ర కంకి ఒకటి పట్టుకొని పక్కనుంచి, దాని ఛాతీ ఎత్తులో చెయ్యి తీసుకెళ్లండి. కుచ్చు లేచిన చోటే ఆగండి. అది బుసకొట్టక ముందే వెనక్కి తీసేయండి. రోజూ రెండు పూటలా కాసేపు ఇలా చేస్తే ఆ దూరం తగ్గుతూ వస్తుంది. టవల్ వేసి పట్టుకొని "మచ్చిక" చేసే పద్ధతి చాలామంది చెబుతారు, నేను ఒప్పుకోను. దానివల్ల పక్షి చేతికి లొంగుతుంది తప్ప నమ్మదు.

ఒక చిక్కు ఉంది. తల దించడం అన్నిసార్లూ హెచ్చరిక కాదు. తల దించి, చెంపల దగ్గర ఈకలు వదులు చేసి, కళ్లు అరమూసిందంటే తల గోకమని అడుగుతోంది. ఈకలు బిగించి తల దించితే చెయ్యి తీసేయండి.

అర్ధరాత్రి పంజరంలో టపటపా కొట్టుకుంటోంది

చాలామందికి టెన్షన్ పెట్టేది ఇదే. నిద్రలో ఉలిక్కిపడి చీకట్లో దిక్కుతోచక ఊచలకు కొట్టుకుంటుంది. కాకటీళ్లలో ఇది మామూలుగా కనబడేదే, తెల్లగా ఎర్ర కళ్లతో ఉండే లుటినోల్లో ఇంకొంచెం ఎక్కువంటారు. గోడ మీద బల్లి పాకినా, కిటికీలోంచి బండి లైటు మెరిసినా, పిల్లి కనిపించినా చాలు. తిరుపతిలో గంగ జాతర డప్పులు, కల్యాణమండపాల బాణాసంచా, దీపావళి ఎలాగూ ఉన్నాయి. కపిలతీర్థం వైపు ఇళ్లలో బాల్కనీలో పంజరం పెడితే కోతుల బెడద వేరే.

పంజరాన్ని రాత్రికి లోపలి గదిలోకి, గోడ వారకు మార్చండి. పూర్తిగా కప్పేయకుండా ఒక పక్క తెరిచి ఉంచి, గదిలో జీరో బల్బు వేయండి. ఇన్వర్టర్ ఉంటే ఆ బల్బు దాని లైన్‌లో ఉండాలి. కరెంటు పోయి ఒక్కసారిగా చీకటి పడితేనే అసలు గొడవ. రాత్రి కూర్చునే కొమ్మ కింద బొమ్మలు, గంటలు వేలాడదీయకండి, రెక్క ఇరుక్కుంటుంది.

కొట్టుకుంటున్నప్పుడు పరుగెత్తి చెయ్యి పెట్టకండి. ముందు లైటు, తర్వాత మెల్లగా పేరు పెట్టి పిలుపు. కుదుటపడ్డాక రెక్కలు చూడండి. ఎదుగుతున్న ఈకలో రక్తం ఉంటుంది, అది విరిగితే ఆగకుండా కారుతుంది. కార్న్‌ఫ్లోర్ (తెల్లటి మెత్తని మొక్కజొన్న పిండి) అద్ది, శుభ్రమైన గుడ్డతో కాసేపు మెత్తగా అదిమి పట్టుకోండి. ఆగకపోతే డాక్టరు దగ్గరికే, ఈక మీరు పీకొద్దు.

ఉబ్బిపోయి కూర్చుంది, పలకడం లేదు

ఇక్కడ పొరపడితే పక్షి దక్కదు. ఈకలు ఉబ్బించి, ఒంటికాలి మీద నిలబడి, ముక్కు కరకరలాడిస్తుంటే అది హాయిగా నిద్రకు సిద్ధమవుతోంది, వదిలేయండి. అదే ఉబ్బు పట్టపగలు, రెండు కాళ్ల మీద, కళ్లు మూతలు పడుతూ, లేదా పంజరం అడుగున ఒక మూలన ఉంటే జబ్బు. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతుంటే ఊపిరి కష్టంగా ఉందన్నమాట.

కాకటీల్ జబ్బును దాచుకుంటుంది. గుంపులో నీరసంగా కనిపించిందాన్నే వేటాడే జంతువు ఎంచుకుంటుంది కాబట్టి అది దాని స్వభావం. మనకు తెలిసేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. అందుకే వంటింటి డిజిటల్ కాటా మీద వారానికోసారి తూచడం మంచిది. పెద్ద పక్షి మామూలుగా 80 నుంచి 100 గ్రాములు ఉంటుంది. తన మామూలు బరువులో పదో వంతు తగ్గిందంటే, గింజలు కొరుకుతున్నట్టే కనిపించినా నమ్మకండి. పొట్టు తీసి పారేస్తూ తినకుండా ఉండే పక్షులుంటాయి. రెట్టలో ముదురు ఆకుపచ్చ మాత్రమే కొంచెం కొంచెం పడుతుంటే కడుపు ఖాళీ అని అనుమానించాలి.

కారణాల్లో మన ఇళ్లలో ముందు చూడాల్సింది పొగ: దోమల చక్రం, సాంబ్రాణి, మాడిన నాన్‌స్టిక్ పెనం. చివరిది నిమిషాల్లో చంపేస్తుంది. తర్వాత తిండి. ఒట్టి పొద్దుతిరుగుడు గింజలతో పెరిగే పక్షికి కొవ్వు ఎక్కువ, విటమిన్ ఎ తక్కువ. కొర్రలు, సజ్జలతో పాటు మునగాకు, కొత్తిమీర, క్యారట్ తురుము అలవాటు చేయండి.

అప్పటికప్పుడు చేయాల్సింది వెచ్చదనం ఇవ్వడం. పంజరానికి బయట ఒక పక్క మాత్రం వేడినిచ్చే బల్బు పెట్టండి, వేడెక్కువైతే అది ఇంకో పక్కకు జరగాలి. నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెడికల్ షాపులో మనుషుల యాంటీబయాటిక్ తెచ్చి సగం బిళ్ల నీళ్లలో కలపడం నేను చాలా ఇళ్లలో చూశాను. చేయకండి. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, అక్కడి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో పక్షులను చూసే డాక్టరు ఎప్పుడుంటారో ముందే కనుక్కొని పెట్టుకోండి. చిత్తూరు నుంచి బయల్దేరేవాళ్లు పెద్ద పంజరం కాకుండా చిన్న అట్టపెట్టెకు గాలి రంధ్రాలు పెట్టి, అడుగున గుడ్డ పరిచి తీసుకెళితే పక్షి తక్కువ అలసిపోతుంది.

పొద్దున, సాయంత్రం ఒకటే అరుపు

తెల్లవారినప్పుడు, పొద్దుగూకేటప్పుడు కాసేపు అరవడం దాని సహజం, దానికి మందు లేదు. మీరు గది దాటగానే అరిస్తే "ఎక్కడున్నావు?" అని గుంపును పిలుస్తోందన్నమాట. పక్క గదిలోంచి చిన్న ఈల వేసి బదులివ్వండి. అరిచినప్పుడల్లా పరుగెత్తి వచ్చినా, "నోర్ముయ్" అని మీరూ అరిచినా, అరిస్తే మనిషొస్తాడని నేర్చుకుంటుంది. అది ఊరుకున్న క్షణంలో వెళ్లి పలకరించండి.

మగపక్షి తోడు లేదు, అయినా గుడ్డు పెట్టింది

"అక్కా, ఒక్కటే ఉంది కదా, గుడ్డెలా వచ్చింది?" అని అడుగుతుంటారు. కోడి పెట్టినట్టే పెడుతుంది, పిల్ల మాత్రం రాదు. ఎక్కువ గంటల వెలుతురు, చీకటి మూలలు, గూడు పెట్టె, వీపు నిమరడం ఇవన్నీ ఉసిగొల్పుతాయి. పెట్టె తీసేయండి, వీపు వదిలేసి తల మాత్రమే గోకండి, రాత్రిపూట 12 గంటల పాటు (జీరో బల్బు తప్ప) చీకటి, నిశ్శబ్దం ఉండేలా చూడండి. పెట్టిన గుడ్లను వెంటనే తీస్తే మళ్లీ పెడుతుంది, అదే విసిగి వదిలేసేదాకా ఉంచండి. సముద్రపు నురుగు (కటిల్ బోన్) ముక్క ఎప్పుడూ పంజరంలో ఉండాలి, సున్నం అందుతుంది. కాళ్లు ఎడంగా పెట్టి, తోక ఊపుతూ ముక్కుతుంటే గుడ్డు అడ్డం పడి ఉండొచ్చు. అది ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన కేసు.

రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుంది

మగది భుజాలు ఎత్తి, ముక్కుతో టకటకా కొడుతూ ఈల వేస్తుంటే అద్దం ముందో, మీ ముందో గొప్పలు పోతోంది. ఏం చేయనక్కర్లేదు, అద్దానికి మరీ అతుక్కుపోతే తీసేయండి. ఈల లేకుండా నోరు తెరిచి ఎగపోస్తుంటే ఎండదెబ్బ. మే నెలలో మధ్యాహ్నం డాబా మెట్ల కింద పెట్టిన పంజరాల్లో ఇదే కనిపిస్తుంది. వెంటనే నీడకు, గాలి ఆడే చోటుకు మార్చి, కాళ్లు తడిపి, మామూలు నీళ్లు తేలిగ్గా చిలకరించండి, ఐసు నీళ్లు వద్దు. పక్షి బయట తిరిగేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపడం మరవకండి.