బోరు నీళ్లను తిట్టే ముందు: జుట్టు సమస్య ఎక్కడుందో పట్టుకోండి

హైదరాబాద్‌లో జుట్టు ఊడితే ముందు తిట్లు తినేది బోరు నీళ్లు. అమీర్‌పేట హాస్టల్లో దిగి నెల తిరక్కుండానే ‘ఇక్కడి నీళ్లు పడలేదు’ అనేస్తారు. నేనూ అన్నదాన్నే. అందుకే ముందు ఒక చిన్న పరీక్ష. దువ్వెనలో వచ్చిన వెంట్రుకను వెలుతురులో పట్టి చూడండి. ఒక కొసన తెల్లటి బుడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడింది. లేకపోతే మధ్యలో తెగింది. తెగిన వెంట్రుకకు ఉప్పు నీళ్లనో, స్ట్రెయిటెనింగ్‌నో, తడి తల దువ్వడాన్నో అనుమానించొచ్చు. బుడిపెతో రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలే. అంతకు మించితే లోపల చూడాలి.

కుదురు పైభాగంలో, రోమం నిక్కబొడిచే చిన్న కండరం అతుక్కునే చోట మూలకణాలుంటాయి, అంటే కొత్త కణాల్ని పుట్టించేవి. ఇవి ఎక్కువ కాలం నిద్రలోనే ఉంటాయి. కుదురు అడుగున ఉండే పాపిల్లా అనే కణాల గుంపు నుంచి పిలుపొస్తే లేచి కొత్త వెంట్రుకను మొదలుపెడతాయి. అది 2 నుంచి 6 ఏళ్లు పెరిగి, రెండు మూడు వారాల్లో ముడుచుకుని, రెండు మూడు నెలలు ఊరికే ఉండి రాలిపోతుంది. హార్మోన్లు తలదూర్చేది ఈ చక్రంలోనే.

తలంతా ఒక్కసారిగా, గుప్పెళ్లుగా ఊడుతోంది

క్యాలెండర్‌లో మూడు నెలలు వెనక్కి వెళ్లండి. జ్వరం, ఆపరేషన్, తిండి మానేసి బరువు తగ్గడం, కాన్పు... ఏదో ఒకటి దొరుకుతుంది. వానల్లో డెంగీ వచ్చినవాళ్లకు దీపావళి దాటాక ఊడేది ఇందుకే. బిడ్డ మొహాలు గుర్తుపట్టే వేళకు తల్లి జుట్టు ఊడుతుందని మా అమ్మమ్మ అనేది. లెక్క సరిగ్గానే ఉంది: కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ ఎక్కువగా ఉండి వెంట్రుకల్ని రాలనివ్వదు, కాన్పుతో అది పడిపోగానే ఆగినవన్నీ కలిసి రాలతాయి.

పరిష్కారం చాలావరకు ఓపికే. ఆరు నెలల నుంచి ఏడాదిలో తిరిగొస్తుంది. రక్తం తక్కువనిపిస్తే ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే రక్త పరీక్ష) చేయించుకోండి.

టెన్షన్ మాటేమిటంటారా? హార్వర్డ్ పరిశోధకులు 2021లో ఎలుకల్లో చూపించారు: ఒత్తిడి హార్మోన్ మూలకణాలను నేరుగా తాకదు, పాపిల్లా పంపే పిలుపునే ఆపేస్తుంది, అవి పడుకునే ఉంటాయి. మనుషుల్లో ఇది ఎంతవరకు వర్తిస్తుందో అప్పుడే చెప్పలేం కాబట్టి ‘స్ట్రెస్ షాంపూ’లకు డబ్బు పెట్టకండి.

నుదురు పైకి పోతోంది, నడినెత్తి పలచబడుతోంది

ఇది డీహెచ్‌టీ అనే హార్మోన్ పని. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ నుంచే తయారవుతుంది. చిత్రం ఏమిటంటే గడ్డం పెంచేదీ ఇదే. నెత్తిమీద మాత్రం, వంశంలో ఉన్నవాళ్లకు, కుదుళ్లను చిన్నవి చేస్తూ పోతుంది. వెంట్రుక ప్రతి చక్రానికీ సన్నబడి చివరికి నూగుగా మిగులుతుంది. బట్టతలలో మూలకణాలు చచ్చిపోవు. 2011లో పరీక్షిస్తే అవి అలాగే ఉన్నాయి, వాటి నుంచి పుట్టి వెంట్రుకను పెంచాల్సిన తరువాతి కణాలే తగ్గిపోయాయి. అందుకే తొందరగా మొదలుపెట్టినవాళ్లకే మందు బాగా పనిచేస్తుంది.

తలకు రాసే మందు మినాక్సిడిల్ వాడితే మొదటి వారాల్లో ఇంకా ఊడుతుంది. భయపడి మానేసేవాళ్లే ఎక్కువ. కనీసం నాలుగైదు నెలలు చూడాలి, ఆపితే వచ్చింది పోతుంది. ఫినాస్టిరైడ్ అనే మాత్ర డీహెచ్‌టీనే తగ్గిస్తుంది. కొందరికి లైంగిక ఇబ్బందులు రావచ్చు, గర్భిణులు అసలు వాడకూడదు. డాక్టర్‌ని అడగకుండా మెడికల్ షాపులో కొనొద్దు. మెట్రో పిల్లర్ల మీద ప్రకటన చూసి 22 ఏళ్లకే ట్రాన్స్‌ప్లాంట్‌కి పరుగెత్తకండి. నాటినవి నిలుస్తాయి, వాటి వెనకున్నవి ఊడుతూనే ఉంటాయి.

ఆడవాళ్లలో పాపిట వెడల్పవుతోంది, గడ్డం కింద వెంట్రుకలు, నెలసరి తప్పుతోంది

పీసీఓడీ (అండాశయాల, హార్మోన్ల సమస్య) అనుమానించి గైనకాలజిస్ట్‌ని కలవండి. నూనె మార్చినందువల్ల ఇది తగ్గదు.

జుట్టు పొడిబారి, కనుబొమల బయటి కొసలు పలచబడి, నీరసం, చలి

థైరాయిడ్. టీఎస్‌హెచ్ అనే రక్త పరీక్ష చేయించండి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మింగుతుంటే ముందే చెప్పండి, అవి రిపోర్టులో తప్పు అంకె చూపించగలవు. మందు కుదిరాక కూడా జుట్టుకు కొన్ని నెలలు పడుతుంది.

రూపాయి బిళ్లంత మచ్చలో నున్నగా ఊడింది

పేనుకొరుకుడు అంటాం గానీ పేనుకు సంబంధం లేదు. ఒంట్లోని రక్షణ కణాలే కుదుళ్ల మీద పడతాయి. పైన చెప్పినవేవీ దీనికి వర్తించవు, చర్మ వైద్యులకు చూపించండి.