పద్మనాభం యుద్ధపు సైనికుణ్ని మినియేచర్‌గా మలచడం ఎలా?

1794 జూలై 10న భీమిలి దగ్గరి పద్మనాభంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో తలపడి అక్కడే నేలకొరిగాడు. విశాఖలో ఉండి వార్‌గేమింగ్ (చిన్న సైనికుల బొమ్మలతో యుద్ధాలు నడిపే ఆట) ఆడేవాళ్లు బల్ల మీద ఒక్కసారైనా ఆడాల్సిన యుద్ధం అది. నెపోలియన్ కాలం సైనికుల ప్లాస్టిక్ బొమ్మల పెట్టెలు తేలిగ్గానే దొరుకుతాయి. అందులోంచి ఒకణ్ని తీసుకుని మన రాజుగారి సైనికుడిగా మార్చుకుందాం.

ముందు కాగితం మీద గీసుకోండి: తలపాగా, మోకాళ్ల దాకా కాసె పోసి కట్టిన పంచె, ఒక చేతిలో కత్తి, రెండో చేతిలో డాలు. 28 మి.మీ. ఎత్తు బొమ్మలో కళ్లూ గుండీలూ ఎవరూ చూడరు. ఎవరి సైనికుడో ఆకారాన్ని బట్టే పోల్చుకుంటారు. అందుకే శ్రమంతా తలపాగా మీదా పంచె మీదా పెట్టాలి.

టోపీని కనుబొమల పైన అడ్డంగా కోసేయండి. వీపు సంచి, కోటు అంచులు తీసేసి, గుండీలు గీకి చదును చేయండి. అచ్చు రెండు ముక్కలూ కలిసిన చోట బొమ్మ మీద మిగిలే గీతల్ని బ్లేడు వెనక వైపుతో గీకాలి. వదిలేస్తే రంగు పడ్డాక ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. తుపాకీ చేతుల్ని తీసేసి, వేరే పెట్టెలో మిగిలిన కత్తి పట్టిన చెయ్యి, ఖాళీ చెయ్యి అతికించండి. భుజంలోనూ చేతిలోనూ 1 మి.మీ. రంధ్రం వేసి, పేపర్ క్లిప్ ముక్క దూర్చి ఫెవిక్విక్ పెడితే ఊడదు. ఈ జిగురు గట్టిపడేది తేమ వల్లే, మన ఊరి గాలిలో దానికి కొదవ లేదు. చెయ్యి ఏ కోణంలో ఉండాలో ముందే పెట్టి చూసుకోండి.

డాలుకి ఆఫీసు పంచింగ్ మిషన్ చాలు. పల్చటి ప్లాస్టిక్ మూతని పంచ్ చేస్తే 6 మి.మీ. బిళ్ల వస్తుంది. ఈ స్కేలులో అది దాదాపు 35 సెం.మీ. డాలు. మధ్యలో నాలుగు పుట్టీ (తలపాగాకి కలిపే ముద్దే) చుక్కలు పెట్టండి.

ఇక తలపాగా. గ్రీన్ స్టఫ్ అనే ఎపాక్సీ పుట్టీ దొరికితే మేలు, లేదంటే హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం-సీల్ వాడండి. గ్లౌజులు వేసుకుని, రెండు భాగాలూ సమానంగా తీసుకుని, చారలు పోయి ఒకే రంగు వచ్చేదాకా పిసకాలి. ఎం-సీల్ త్వరగా బిగుసుకుంటుంది కాబట్టి కొద్దికొద్దిగానే కలపండి. తల మీద చిన్న ముద్ద పెట్టి గట్టిపడనివ్వండి. తర్వాత సన్నటి పోగులు చేసి దాని చుట్టూ ఏటవాలుగా చుట్టండి. పోగుల మీద తడి సూదితో గీతలు నొక్కితే గుడ్డ మడతలు తేలతాయి. సూది ఆరిపోతే పుట్టీ దానికే అంటుకుని లేచొస్తుంది. పంచెకు పల్చగా ఒత్తిన పుట్టీని తొడల చుట్టూ కప్పి, మడతలు నడుము దగ్గర మొదలై కిందికి జారేలా గీయండి. ఇంట్లో పెద్దవాళ్లు పంచె కట్టుకునేటప్పుడు చూస్తే మడత ఎటు పడుతుందో తెలిసిపోతుంది. ఒక రోజంతా కదపకండి.

వైజాగ్‌లో అసలు టెన్షన్ ప్రైమర్‌తోనే, అంటే రంగు పట్టడానికి ముందు వేసే పూతతోనే. తేమ ఎక్కువున్న రోజు స్ప్రే కొడితే పొర గరుగ్గా, పొడిపొడిగా పడి, దిద్దిన మడతలన్నీ పూడుకుపోతాయి. ఉక్కపోత రోజుల్లో బ్రష్‌తో వేసే ప్రైమరే పల్చగా రెండు కోట్లు వేయండి. స్ప్రేనే కావాలంటే పొడిగా ఉన్న రోజు చూసి, మాస్కు పెట్టుకుని, ఆరుబయట 20–30 సెం.మీ. దూరం నుంచి కొట్టాలి.

యాక్రిలిక్ రంగుల్ని పాలంత పల్చగా కలుపుకోండి. సెట్లలో 'ఫ్లెష్' అని వచ్చే గులాబీ రంగు మన సైనికుడికి పనికిరాదు. బ్రౌన్‌లో కొంచెం పసుపు, రవ్వంత నారింజ కలిపి ఒళ్లంతా వేసి, ముదురు బ్రౌన్ వాష్ (గుంటల్లోకి దిగే బాగా పల్చటి రంగు) పారించి, ఆరాక ముక్కు, భుజాలు, వేళ్ల మీద మొదటి రంగునే కాస్త తేటగా తాకించండి. పంచెకు తెలుపుతో మొదలుపెట్టొద్దు. ముందు లేత ఖాకీ, ఆపైన మీగడ రంగు, మడతల అంచుల మీద మాత్రమే తెలుపు. తలపాగా ఎరుపు నాకిష్టం, బల్ల మీద దూరం నుంచే కనిపిస్తుంది.

బేస్‌కి ఫెవికాల్ పూసి ఇసుక చల్లండి. బీచ్ ఇసుకైతే ఉప్పు పోయేలా కడిగి ఆరబెట్టాలి. ఎర్రమట్టి దిబ్బల రంగు చాలా బాగుంటుంది, కానీ అది రక్షిత ప్రాంతం. మట్టి తేకుండా రంగుతోనే తెప్పించండి: ఇటుక రంగు వేసి, పైన లేత నారింజతో డ్రైబ్రష్ చేయాలి, అంటే బ్రష్ మీది రంగు దాదాపు తుడిచేసి ఎత్తుల మీద మాత్రమే తాకించాలి.

ఆఖర్న మ్యాట్ వార్నిష్. స్ప్రే వార్నిష్ తేమకు తెల్లగా మసకబారుతుంది కాబట్టి ఇదీ బ్రష్‌తోనే వేయండి. రాత్రంతా ఆరాక ఆటకు దించొచ్చు, పట్టుకునేది మాత్రం బేస్ దగ్గరే.