టానరీ క్రోమ్ వ్యర్థాలను తిరిగి వాడుకోవాలంటే ఆథరైజేషన్‌కు దరఖాస్తు ఎలా?

తోళ్లను పదును చేసే డ్రమ్ము తెరిస్తే బయటికొచ్చే నీలాకుపచ్చ నీళ్లు నిజానికి డబ్బు. మామూలు పద్ధతిలో వేసిన క్రోమ్‌లో (తోలును పదును చేసే క్రోమియం ఉప్పు) తోలు పీల్చుకునేది 60 నుంచి 70 శాతమే. ఆ నీళ్లకు మెగ్నీషియం ఆక్సైడ్ కలిపి పీహెచ్ 8 దాటిస్తే మిగిలిన క్రోమ్ ముద్దగా అడుగున చేరుతుంది. పై తేట వంపేసి, ముద్దను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగిస్తే మళ్లీ టానింగ్‌కు పనికొస్తుంది.

పని తేలికే, తలనొప్పంతా కాగితాలతోనే. ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు, 2016లోని మొదటి షెడ్యూల్‌లో టానరీల క్రోమియం అవశేషాలు, స్లడ్జ్ (బురద) ఉన్నాయి. కాబట్టి వాటిని నిల్వ చేయాలన్నా, తిరిగి వాడాలన్నా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆథరైజేషన్, అంటే రాతపూర్వక అనుమతి, ఉండాలి.

దరఖాస్తు ఫారం 1లో చేయాలి. వ్యర్థాలు పుట్టించే యూనిట్‌గా ఒక భాగం, వాటిని వాడుకునే యూనిట్‌గా మరో భాగం ఉంటాయి. రెండూ మీరే అయితే రెండూ నింపండి. జల, వాయు కాలుష్య నివారణ చట్టాల కింద తీసుకున్న కన్సెంట్ (యూనిట్ నడిపేందుకు మండలి ఇచ్చే సమ్మతి) కాపీలు జతచేయాలి. రికవరీ ట్యాంకులు కొత్తగా పెట్టినవైతే ముందు అవి కన్సెంట్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. అందులో లేని ట్యాంకు తనిఖీలో కనిపిస్తే ఫైలు అక్కడే ఆగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం క్రోమ్ లెక్క. నెలకు ఎన్ని కిలోల క్రోమ్ ఉప్పు కొన్నారు, తోలులోకి ఎంత పోయింది, ముద్దగా ఎంత దొరికింది, ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) స్లడ్జ్‌లో ఎంత మిగిలింది? కొనుగోలు బిల్లులతో ఈ అంకెలు కలవాలి. ఉజ్జాయింపుగా గుండ్రటి అంకెలు రాసేస్తే ప్రశ్నలు తప్పవు. వాడకానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రామాణిక విధానం ఉంటే దాని ప్రకారమే చేయాలి. లేకపోతే ట్రయల్ రన్ చేసి కేంద్ర మండలి అనుమతి తెచ్చుకోవాలి. దీనికి టైమ్ పడుతుంది, ముందే మొదలుపెట్టండి.

ఈలోగా స్లడ్జ్‌ను మామూలుగా 90 రోజులకు మించి ఉంచకూడదు. పైకప్పు, నీరు ఇంకని నేల, ప్రతి డ్రమ్ము మీదా ఫారం 8 లేబుల్ ఉండాలి. లేబుల్ రాసే ఇంకు వానకు కారిపోకుండా చూడండి, నవ్వొచ్చే విషయమే అయినా. ఎండబెట్టిన స్లడ్జ్‌ను కాల్చే ఆలోచన మాత్రం వద్దు. వేడికి క్రోమియం, విషపూరితమైన ఆరో వాలెన్సీ రూపానికి (క్రోమియం-6) మారే ప్రమాదముంది.

పూర్తి దరఖాస్తు అందిన 120 రోజుల్లోగా మండలి నిర్ణయం చెప్పాలి. ఆథరైజేషన్ గడువు 5 ఏళ్లు. రోజువారీ లెక్క ఫారం 3లో రాయాలి, వార్షిక రిటర్ను ఫారం 4లో జూన్ 30 లోపు వేయాలి. దరఖాస్తు తిరస్కరిస్తే ఉత్తర్వు అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.