జాజ్ రికార్డుల్లోని ఆ ఆర్గన్ సౌండు మీ కీబోర్డులో రావాలంటే

కీబోర్డులో 'జాజ్ ఆర్గన్' అని రాసున్న టోన్ పెట్టి, నాలుగు కార్డ్స్ వాయించి, రికార్డులో విన్నట్టు లేదేంటి అని వదిలేసేవాళ్లు చాలామంది. చాలాసార్లు టోన్ బాగానే ఉంటుంది. వేళ్లే ఇంకా పియానో వాయిస్తుంటాయి.

ఆ రికార్డుల్లో మోగేది ఎక్కువగా హామండ్ బి-3 అనే ఎలక్ట్రిక్ ఆర్గన్. దాని లోపల శబ్దం పుట్టించే 91 చక్రాలు (టోన్‌వీల్స్) మోటారుతో తిరుగుతుంటాయి. కీని ఎంత గట్టిగా కొట్టినా శబ్దం పెరగదు, హెచ్చుతగ్గులన్నీ కుడికాలి కింద ఉండే వాల్యూమ్ పెడల్‌తోనే. అందుకే ముందు కీబోర్డులో టచ్ సెన్సిటివిటీ ఆపేయండి, సస్టెయిన్ పెడల్ వైరు పీకేయండి. నాకైతే ఆ పెడల్ అలవాటు పోవడానికే చాలా రోజులు పట్టింది.

ఇప్పుడు డ్రాబార్లు, అంటే శబ్దంలో ఒక్కో పొరని పెంచి తగ్గించే లాగుడు కడ్డీలు. తొమ్మిదింటిలో మొదటి మూడూ చివరిదాకా లాగి, మిగతావి మూసేయండి (888000000: ఒక్కో అంకె ఒక్కో డ్రాబార్‌ని ఎంత లాగాలో చెబుతుంది, 8 అంటే పూర్తిగా, 0 అంటే మూసేసినట్టు). జాజ్ ఆర్గనిస్ట్ జిమ్మీ స్మిత్ పేరు చెప్పగానే అందరూ చెప్పే సెట్టింగ్ ఇదే. మీరు స నొక్కితే కింది స, ఆ స, దాని మీది ప మూడూ కలిసి మోగుతాయి, ఆ బరువు అక్కడినుంచే వస్తుంది.

అసలు కిటుకు ఆర్గన్ మీది పర్కషన్ స్విచ్‌లలో ఉంది. ఆన్ చేసి సాఫ్ట్, ఫాస్ట్, థర్డ్ పెట్టండి. స్వరం మొదట్లో పై స్థాయి ప 'టింగ్'మని మోగి వెంటనే ఆరిపోతుంది. కాకపోతే అన్ని వేళ్లూ ఎత్తి మళ్లీ నొక్కితేనే మోగుతుంది, ఒక్క కీ పట్టుకుని ఉన్నా తర్వాతి స్వరానికి రాదు. అంటే ఏ స్వరం టింగుమనాలో, ఏది మెత్తగా జారాలో మీ వేళ్లే తేల్చాలి, కాబట్టి ఒకే లైనుని ఒకసారి విడివిడిగా, ఒకసారి కలిపి, ఇంకోసారి ఫ్రేజు మొదటి స్వరాన్ని మాత్రం విడదీసి వాయించి చూడండి. ఈ తేడా చెవికి పట్టేదాకా ముందుకెళ్లొద్దు.

స్వరాన్ని సన్నగా వణికించే వైబ్రాటో నాబ్‌ని సి-3 మీద ఉంచండి. కీ క్లిక్ కొంచెం ఉండాలి. బి-3లో ఒక్కో కీ కింద తొమ్మిది కాంటాక్టులు ఉంటాయి, అవి సరిగ్గా ఒకేసారి కలవవు కాబట్టి ఆ 'టిక్' వస్తుంది. తయారుచేసినవాళ్లకి అది లోపం, వాయించేవాళ్లకి అదే ప్రాణం!

లెస్లీ స్పీకర్ (లోపల హార్న్, డ్రమ్ గుండ్రంగా తిరుగుతూ శబ్దాన్ని ఊపే స్పీకర్) విషయంలో పొదుపు కావాలి. దొరికింది కదా అని పాటంతా ఫాస్ట్‌లో తిప్పకండి, విసుగొస్తుంది. ఎక్కువసేపు స్లోలో ఉంచి, ఒక కార్డ్ పట్టుకుని నిలబడ్డప్పుడు ఫాస్ట్‌కి మార్చండి. పైన హార్న్ ముందే వేగం అందుకుంటుంది, కింద డ్రమ్ నిదానంగా వచ్చి కలుస్తుంది, అందమంతా ఆ మధ్యలోనే.

ఆర్గన్, గిటార్, డ్రమ్స్ ట్రియోలో బేస్ ప్లేయర్ ఉండడు, ఆ పని ఎడమచేతిదే. కీబోర్డుని రెండుగా స్ప్లిట్ చేసి, ఎడమవైపు 838000000 పెట్టి, అక్కడ పర్కషన్ లేకుండా చూసుకోండి. జిమ్మీ స్మిత్ దీనికి తోడు కాలితో కింది పెడల్స్‌ని అలా తట్టేవాడు, దానివల్ల బేస్‌కి దెబ్బ వచ్చేది.

సోలో చివర్లో కుడిచేతి డ్రాబార్లన్నీ ఒక్కొక్కటే బయటికి లాగుతూ పోవచ్చు. తొమ్మిదో దాని దగ్గరికొచ్చేసరికి పర్కషన్ ఆపేయండి, అది ఆన్‌లో ఉంటే అసలు బి-3లో ఆ డ్రాబార్ మోగదు. వాల్యూమ్ పెడల్ ముందే కాస్త వెనక్కి తీసి పెట్టుకోండి, లేకపోతే గిటారిస్ట్ మీవైపు గుర్రుగా చూస్తాడు.