నీళ్లు బాగోలేవని కాదు, పరీక్ష రిపోర్టు ఏదని అడగండి

మా ఊళ్లో నీళ్లు వాసనొస్తున్నాయని చెప్పిన ప్రతిసారీ ఒకటే జవాబు వచ్చేది: "చూస్తాం." రెండేళ్లు అలాగే చూశారు. చివరికి ఒకరోజు తెల్ల కాగితం మీద ఒకే ప్రశ్న రాసి ఇచ్చాను: వానాకాలం తర్వాత ఈ ట్యాంకు నీళ్లకు బ్యాక్టీరియా పరీక్ష ఏ తేదీన చేశారు, ఆ రిపోర్టు జిరాక్స్ ఇవ్వండి. పది రోజుల్లో ట్యాంకు కడిగారు. రిపోర్టు మాత్రం ఇవ్వలేదు, ఎందుకంటే ఆ ఏడాది పరీక్షే చేయలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. కుళాయిలో కనిపించే తేడా నుంచి మొదలుపెట్టి, దానికి కారణం ఎక్కడుంది, ఇంట్లో ఏం చేయాలి, ఆఫీసులో ఏం అడగాలి అన్నది నాకు తెలిసినంత వరకు చెప్తాను. ఆంధ్ర, తెలంగాణ పల్లెలకు పనికొస్తుంది, పట్నాలకూ చాలావరకు వర్తిస్తుంది.

ముందు నాలుగు అంకెలు గుర్తుపెట్టుకోండి. తాగునీటికి మన దేశ ప్రమాణం పేరు ఐఎస్ 10500. దాని ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు అసలు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. ఎరువుల నుంచి, మురుగు నుంచి నీళ్లలో చేరే నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు. క్లోరిన్ కలిపి పంపే నీళ్లయితే చివరి ఇంటి కుళాయి దగ్గర కూడా కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. 100 మిల్లీలీటర్లలో ఇ.కొలి, అంటే నీళ్లలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా, ఒక్కటి కూడా ఉండకూడదు. పల్లెల్లో నీళ్లొచ్చే ప్రతి వనరుకూ ఏడాదికి ఒకసారి రసాయన పరీక్ష, వానలకు ముందొకసారి తర్వాతొకసారి బ్యాక్టీరియా పరీక్ష చేయాలని 2013 నాటి కేంద్ర నిబంధనలే చెప్తున్నాయి.

పొద్దున మొదటి బిందె మురికిగా వస్తుంది, తర్వాత తేటపడుతుంది

చాలా ఊళ్లలో కనిపించే సమస్య ఇదే, ప్రమాదం కూడా ఎక్కువే. నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వదులుతారు, మిగతా సమయమంతా పైపు ఖాళీగా ఉంటుంది. ఖాళీ పైపుకు ఎక్కడ చిన్న పగులున్నా బయటి తడిని లోపలికి పీల్చుకుంటుంది, ఆ పైపు మురుగుకాలువలోంచి వెళ్తుంటే మురుగునే పీల్చుకుంటుంది. దానికి తోడు ధార సరిపోక ఇంటి ముందు గుంత తవ్వి అందులో కుళాయి పెట్టుకుంటాం, వాన పడితే ఆ గుంత నిండి మురికినీళ్లు తిరిగి పైపులోకే పోతాయి. ఇంకొందరు లైనుకు నేరుగా మోటారు బిగిస్తారు, అది చుట్టుపక్కల పగుళ్ల నుంచి ఇంకా గట్టిగా లాగుతుంది. ఇది వినడానికి కష్టంగా ఉంటుంది గానీ, ఈ రెండూ మన చేతిలో ఉన్నవే.

ఇంట్లో: మొదటి బిందె తాగడానికి వాడొద్దు. తర్వాత వచ్చిన నీళ్లు కూడా, అనుమానం ఉన్నన్నాళ్లు, తెర్లాక ఒక నిమిషమైనా మరగనిచ్చి తాగండి. గుంత పూడ్చి కుళాయిని నేల మీదికి ఎత్తించండి.

ఊళ్లో: మురికి ఏ వీధి నుంచి మొదలవుతోందో నలుగురిని అడిగి తెలుసుకోండి. ఒక గేట్ వాల్వ్ కింద ఉన్న ఇళ్లన్నింటికీ మురికి వస్తూ, పై వీధికి బాగుంటే, పగులు ఆ రెంటి మధ్యే ఉంది. వాటర్‌మ్యాన్‌ను పక్కన పెట్టుకుని కాలువ దాటే చోట్లన్నీ చూడండి. మా దగ్గర అలా వెతికితే పగిలిన పైపు కల్వర్టు కింద దొరికింది, దానికి సైకిల్ ట్యూబు చుట్టి వదిలేశారు.

2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో కలుషిత నీళ్లు తాగి మనుషులు చనిపోయారు. కాబట్టి మొదటి బిందె మురికిని "మామూలే" అనుకోవద్దు.

నీళ్లు తేటగానే ఉన్నాయి, కానీ వాంతులు, విరేచనాలు

తేటగా ఉండడానికీ శుభ్రంగా ఉండడానికీ సంబంధం లేదు. ఒకే వీధిలో రెండు మూడు ఇళ్లలో ఒకేసారి విరేచనాలు మొదలైతే ముందు క్లోరిన్‌ను అనుమానించండి. బ్లీచింగ్ పౌడర్ వేయకపోయి ఉండొచ్చు, లేదా వేసినా అది చచ్చిపోయిన పౌడర్ అయి ఉండొచ్చు. తేమ తగిలేలా, మూట విప్పి నెలల తరబడి ఉంచిన బ్లీచింగ్‌లో క్లోరిన్ ఎగిరిపోతుంది, తెల్లటి పొడి మిగులుతుంది అంతే. ఇంకొక కారణం, పౌడర్ వేసిన వెంటనే నీళ్లు వదిలేయడం. క్లోరిన్‌కు పని చేయడానికి కనీసం అరగంట కావాలి.

దీన్ని తేల్చడానికి ల్యాబు అక్కర్లేదు. పంచాయతీ దగ్గర క్లోరోస్కోప్ ఉండాలి, చిన్న గొట్టంలో నీళ్లు పోసి నాలుగు చుక్కలు మందు వేస్తే పసుపు రంగు వస్తుంది, ఎంత పసుపో చూసి క్లోరిన్ ఎంతుందో చెప్తారు. రంగు మారకపోతే క్లోరిన్ లేదు. ఈ పరీక్ష ట్యాంకు దగ్గర కాదు, ఊరి చివరి ఇంటి దగ్గర చేయమనండి. ఇది చాలా ముఖ్యం. ట్యాంకు కింద అన్నీ బాగానే కనిపిస్తాయి, చివరి వీధికి వచ్చేసరికి క్లోరిన్ అయిపోతుంది, జబ్బు పడేది ఆ చివరి వీధి పిల్లలే.

కుటుంబంలో ఎవరికైనా విరేచనాలైతే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఏఎన్‌ఎంకు చెప్పండి. వరుసగా కేసులు వచ్చాయని ఆరోగ్య శాఖకు తెలిస్తేనే నీళ్ల శాంపిల్ తీస్తారు.

పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు, పెద్దలకు నడుము వంగకపోవడం

ఫ్లోరైడ్. దీని గురించి మనకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. 1937లోనే నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో డాక్టర్లు దీన్ని గుర్తించి రాశారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీలో నిలిచారు, అందులో ఎక్కువమంది నామినేషన్లు వేసింది ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినిపించాలనే. తెలిసిన సమస్యను పట్టించుకోవడానికి ఇన్ని దశాబ్దాలు పట్టిందంటే ఎంతమంది ఎముకలు వంగిపోయాయో అని తలచుకున్నప్పుడల్లా కడుపు మండిపోతుంది.

మిషన్ భగీరథ 2016లో మొదలయ్యాక నది నీళ్లు వచ్చిన ఊళ్లలో పరిస్థితి మారింది, అది నిజం, చెప్పుకోవాలి. కానీ మోటారు చెడిపోయినా, మెయిన్ పైపు పగిలినా, ఎండాకాలంలో నీళ్లు తగ్గినా పాత బోరు నీళ్లనే ట్యాంకుకు ఎక్కిస్తారు. ఎవరికీ చెప్పరు. మళ్లీ ఫ్లోరైడ్ మొదలు.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. నైట్రేట్ కూడా అంతే, పాలు తాగే పిల్లలకు బోరు నీళ్లతో డబ్బా పాలు కలిపే తల్లులు ఇది తప్పక తెలుసుకోవాలి. ఇంట్లో గుడ్డతో వడగట్టినా లాభం లేదు. సున్నం, పటిక కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటుంది, నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పరిశోధన సంస్థ తయారుచేసింది, దానికి పేరే నల్గొండ పద్ధతి. అయితే కొలత తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది కాబట్టి ఊహగా పటిక వేసి చేయొద్దు.

అడగాల్సింది ఇది: గత నెలలో మా ట్యాంకుకు బోరు నీళ్లు ఎన్ని రోజులు ఎక్కించారు, ఆ బోరు ఫ్లోరైడ్ అంకె ఎంత. అంకె 1.5 దాటితే ఆ బోరుకు ఎర్ర రంగు వేసి తాగడానికి కాదని రాయించండి.

క్యాన్ నీళ్లు తాగుతున్నాం కదా, మనకేం భయం?

ప్లాంటు వాళ్లు టీడీఎస్ మీటరు ముంచి చూపిస్తారు. అది నీళ్లలో మొత్తం ఎంత లవణం కరిగి ఉందో చెప్తుంది, అంతే. బ్యాక్టీరియా ఉందో లేదో దానికి తెలియదు. లైసెన్సు చూపించమని, ల్యాబు రిపోర్టు గోడకు అంటించమని అడగండి, క్యాన్ లోపలివైపు వేలితో రుద్ది చూడండి.

రిపోర్టులో అంతా బాగుంది, కానీ నీళ్లు బాగోలేవు

మూడు విషయాలు చూడండి. శాంపిల్ ఎక్కడ తీశారు: ట్యాంకు దగ్గరా, ఇంటి కుళాయి దగ్గరా? ఎప్పుడు తీశారు: వానలకు ముందు తీసిన శాంపిల్ వానాకాలం గురించి ఏం చెప్పదు. ఎలా తీశారు: బ్యాక్టీరియా పరీక్షకు శుద్ధి చేసిన సీసా కావాలి, ఐసులో పెట్టి 24 గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. తాగేసిన కూల్‌డ్రింకు సీసాలో పట్టి రెండు రోజులు బల్ల కింద ఉంచితే ఆ రిపోర్టు దేనికీ పనికిరాదు. నీళ్లు పరీక్షించే కిట్ వాడడం నేర్చుకున్న మహిళలు ఊరికి ఐదుగురు ఉండాలి, వాళ్లెవరో కనుక్కోండి, కిట్ మీద గడువు తేదీ చూడండి.

"అది తప్పనిసరి రూలేం కాదండీ" అంటే

అసలు రోగం ఇక్కడే ఉంది. కుళాయి నీళ్లు సరఫరా చేసేవాళ్లకు ఐఎస్ 10500ను చట్టం తప్పనిసరి చేయలేదు. 2019లో కేంద్రం 20 రాష్ట్రాల రాజధానుల్లో, ఢిల్లీలో కుళాయి నీళ్లు పరీక్షిస్తే అన్ని శాంపిళ్లూ గట్టెక్కింది ముంబయి ఒక్కటే. దీన్ని తప్పనిసరి చేయాలని అప్పటి మంత్రి రాంవిలాస్ పాశ్వాన్ గట్టిగా అన్నారు. అయినా ఇప్పటికీ తప్పనిసరి కాలేదు. కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ 2024 నాటికి ప్రతి పల్లె ఇంటికీ నాణ్యమైన నీళ్లు మనిషికి రోజుకు 55 లీటర్లు ఇస్తామంది, ఆ గడువు 2028కి జరిగింది. గడువు జరిగితే కాగితం మీద ఒక అంకె మారుతుంది, ఇక్కడ ఒక పిల్ల ఒకటో తరగతి నుంచి ఐదుకు అదే నీళ్లు తాగుతూ వెళ్తుంది.

అయినా మీ చేతిలో పట్టు ఉంది. జల్ జీవన్ మార్గదర్శకాల్లో నాణ్యమైన నీళ్లంటే ఐఎస్ 10500కు సరిపోయేవని రాసి ఉంది, ఆ డబ్బుతో పైపు వేసి ఉంటే ఆ ప్రమాణం ప్రకారమే జవాబు అడగొచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకు మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఊళ్లో విరేచనాలు ప్రబలి ప్రాణం మీదికొచ్చిన విషయమైతే 48 గంటల్లో.

దరఖాస్తులో కథ రాయొద్దు. ఇలా రాయండి: "గత రెండేళ్లలో ఫలానా ట్యాంకు, ఫలానా బోరు నీటికి చేసిన పరీక్షల తేదీలు, శాంపిల్ తీసిన చోటు, ఫ్లోరైడ్, నైట్రేట్, మిగులు క్లోరిన్, ఇ.కొలి ఫలితాలు, ట్యాంకు కడిగిన తేదీల రిజిస్టరు నకలు, ప్రమాణం దాటినప్పుడు తీసుకున్న చర్య కాగితాల నకళ్లు ఇవ్వగలరు." పంచాయతీకి ఒకటి, గ్రామీణ నీటి సరఫరా ఆఫీసుకు ఒకటి వేరువేరుగా ఇవ్వండి, లేకపోతే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు.

"సమాచారం లేదు" అని జవాబొస్తే నిరాశపడకండి, పరీక్ష చేయలేదని వాళ్లే సంతకం పెట్టి ఇచ్చిన కాగితం అది. దాని జిరాక్స్ జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి, గ్రామసభలో చదివి తీర్మానం రాయించండి. ఒక్కరే వెళ్లకండి. మేం రెండోసారి వెళ్లినప్పుడు చివరి వీధి ఆడవాళ్లు పదకొండు మంది తలా ఒక సీసా నీళ్లు పట్టుకొచ్చారు, వాటిని బల్ల మీద వరుసగా పెట్టారు, శాంపిల్ తీయడానికి మర్నాడే మనిషిని పంపారు.